చంద్రపూర్ ఎండలు – కారు అద్దముల ఫిల్ము: ఎంపిక, అమరిక, చట్టము

విదర్భలో ఎండలకు పేరుమోసిన పట్టణములలో చంద్రపూర్ ఒకటి. మే నెలలో ఇచ్చట ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుట విశేషము కాదు; 47 డిగ్రీలు నమోదైన దినములును కలవు. చుట్టును బొగ్గు గనులు, దుర్గాపూర్ చెంత 2920 మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్రము, ప్రక్కనే బల్లార్‌పూర్ కాగితపు మిల్లు. వీనియందు ఉద్యోగములకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఇచ్చట అనేకములు. వార్ధా నది కావలనున్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో, ఆదిలాబాదు జిల్లాలో చేరియుండెను. సరిహద్దు మారినను చుట్టరికములు మారలేదు. పెండ్లికైనను, పండుగకైనను మనవారి కార్లు రాజురా, వాంకిడి, ఆసిఫాబాదు మీదుగా మంచిర్యాల, కరీంనగర్, హైదరాబాదుల వరకు పోవుచుండును. చైత్రమాసములో మహాకాళీ యాత్రకు తెలంగాణమునుండి భక్తులు ఇటు వచ్చుచుందురు. ఈ ప్రయాణములలో పెక్కు మండువేసవిలోనే జరుగును.

ఇట్టి చోట కారు కొన్నవానికి మొదటి వారములోనే ఒక ప్రశ్న ఎదురగును: అద్దములకు ఫిల్ము వేయించవలెనా? వేయించినచో ఎట్టిది? ఎవరిచేత? దుకాణదారు ఎంత నల్లనిదైన అంత చల్లగా నుండునని చెప్పును. పోలీసు జవాను ఏ ఫిల్మునైనను ఊడదీయుమనును. ఇరుగుపొరుగువారు తమ కారుకు వేయించినదానిని చూపి, తమనెవరును అడుగలేదందురు. ఈ మూడు మాటలలో ఒక్కటియు పూర్తిగా నిజము కాదు. నలుపు వేరు, చల్లదనము వేరు. ఈ రెండును ఒకటియే యనుకొనుటవలన మనవారు రెండు విధముల నష్టపోవుచున్నారు. వేడి తగ్గని ఫిల్మునకు డబ్బు చెల్లించుట ఒకటి. రాత్రి దారి కనబడక ప్రాణాపాయమును తెచ్చుకొనుట రెండవది. కావున ఈ విషయమును లెక్కలతో సహా విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఎండలోని మూడు పాళ్లు

భూమిని చేరు సూర్యశక్తిలో మూడు భాగములు కలవు. నూటికి సుమారు 5 పాళ్లు అతినీలలోహిత కిరణములు. ఇవి కంటికి కనబడవు. చర్మమును కమలజేయును, సీటు గుడ్డను వెలిసిపోజేయును. సుమారు 43 పాళ్లు కంటికి కనబడు వెలుగు. మిగిలిన 52 పాళ్లు పరారుణ కిరణములు. ఇవియు కంటికి కనబడవు. కాని వేడిలో సగమునకు మించి వీనివలననే కలుగుచున్నది.

దీనినిబట్టి ఒక సంగతి తేటపడును. అద్దమునకు నల్లరంగు పూసినచో ముఖ్యముగా తగ్గునది మధ్యనున్న 43 పాళ్ల వెలుగు మాత్రమే. కన్నులకు చీకటి కమ్మును గనుక మనస్సునకు చల్లగా తోచును. కాని వేడిలో పెద్దపాలైన పరారుణమును రంగు నలుపు అంతగా ఆపదు. అటులనే, దాదాపు తెల్లని గాజువలె కనబడుచునే పరారుణమును చాలవరకు ఆపగల ఫిల్ములును నేడు దొరకుచున్నవి.

ఈ మూడు అంకెలే దుకాణములో మనకు తూనికరాళ్లగును. ఒక ఫిల్ము 70 శాతము వెలుగును లోనికి పోనిచ్చుననుకొందము. అది అతినీలలోహితమును, పరారుణమును సంపూర్ణముగా ఆపిననుకూడ ఆపిన మొత్తము 5, 52 కలిసి 57 పాళ్లు, వెలుగులో ఆగిన 30 శాతమునకు మరి 13 పాళ్లు, వెరసి 70. అనగా 70 శాతపు వెలుగునిచ్చు ఫిల్ము ఎంత గొప్పదైనను మొత్తము సూర్యశక్తిలో 70 శాతమునకు మించి ఆపజాలదు. 50 శాతపు వెలుగునిచ్చునది 78 లేక 79కి మించి ఆపజాలదు. ఇది ప్రకృతి పెట్టిన హద్దు. వాస్తవములో దొరకునది ఇంతకంటె తక్కువగనే యుండును. కావున తెల్లని ఫిల్మును చూపి ‘నూటికి 95 పాళ్లు వేడిని ఆపును’ అని ఎవరైనను చెప్పినచో, ఆ అంకె మొత్తము వేడిని గూర్చినది కాదని గ్రహింపవలెను. సాధారణముగా అది పరారుణములో ఏదో ఒక చిన్న భాగమును మాత్రమే కొలిచి చెప్పిన అంకె. మనము అడుగవలసినది ‘మొత్తము సౌరశక్తి నిరోధము’ ఎంత యని. తయారీదారు ముద్రించిన పత్రములో ఆ అంకె ప్రత్యేకముగా నుండును. దానిని చూపని దుకాణములో బేరము సాగింపకుండుట మేలు.

చట్టము గీచిన గీత

1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 100వ నిబంధన ఈ విషయమును నిర్ణయించుచున్నది. దాని ప్రకారము ముందు అద్దము, వెనుక అద్దము కనీసము 70 శాతము వెలుగును పోనీయవలెను. ప్రక్క అద్దములు కనీసము 50 శాతము పోనీయవలెను. ఇది కేంద్ర నిబంధన గనుక రాజురా దాటి వాంకిడి చేరినంతమాత్రమున మారదు. మహారాష్ట్రలో చెల్లనిది తెలంగాణములోను చెల్లదు.

నల్లని అద్దముల చాటున నేరములు జరుగుచున్నవని దాఖలైన ప్రజాహిత వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పు చెప్పెను. దీనిని అవిషేక్ గోయెంకా కేసు అందురు. నిబంధనలోని శాతములు గాజును తయారు చేయునప్పుడు ఉండవలసినవనియు, తరువాత పైనుండి ఏ శాతపు ఫిల్మునైనను అంటించుట కూడదనియు ఆ తీర్పు సారాంశము. 2012 మే 4 నుండి అది అమలులోనికి వచ్చెను. పోలీసులు ఫిల్ములను రోడ్డుమీదనే ఊడదీయింప నారంభించినది ఆ నాటినుండియే.

అయితే తరువాత నిబంధనయే మారినది. 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణలో ‘సేఫ్టీ గ్లాసు’తో పాటు ‘సేఫ్టీ గ్లేజింగు’ అను మాట చేరినది. భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 2553 రెండవ భాగముయొక్క 2019 నాటి కూర్పును అది అనుసరింపవలెను. లోపలివైపున ప్లాస్టిక్ పొర గల గాజుకూడ ఆ మాటలో ఇమిడియున్నది. 70, 50 శాతముల గీత మాత్రము చెక్కు చెదరలేదు. ఈ సవరణను ఆధారము చేసికొని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ప్రమాణమునకు లోబడిన ఫిల్మును అంటించుట నేరము కాదనియు, గాజు తయారీదారు మాత్రమే అంటింపవలెనను నియమము లేదనియు తీర్పు చెప్పెను.

ఈ తీర్పును కొందరు దుకాణదారులు ‘ఇక అన్ని ఫిల్ములును చెల్లును’ అని ప్రచారము చేయుచున్నారు. ఇది పొరపాటు. మొదటిది, ఆ తీర్పు 70, 50 శాతములకు లోబడిన వానికి మాత్రమే వర్తించును. నల్ల ఫిల్మునకు అందులో చోటు లేదు. రెండవది, చంద్రపూర్ బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనముయొక్క పరిధిలోనిది; కేరళ తీర్పు ఇచ్చటి అధికారులకు ఆదరణీయమే కాని నేరుగా బంధకము కాదు. రోడ్డుమీద నిలిపిన జవానుకు 2012 నాటి తీర్పు తెలిసియుండి, 2021 నాటి సవరణ తెలియకయుండవచ్చును. జరిమానా స్వల్పమే. 2019 నాటి సవరణ తరువాత మోటారు వాహన చట్టము 177వ సెక్షను క్రింద మొదటిసారి 500 రూపాయల వరకు, అటుపై ప్రతిసారియు 1500 రూపాయల వరకు విధింపవచ్చును. కాని నిలువుటెండలో, బిడ్డలు కారులోనుండగా, ఫిల్మును గోళ్లతో గీకి తీయవలసి వచ్చుట జరిమానాకంటె పెద్ద శిక్ష.

కావున జాగరూకుడైన గృహస్థునకు మూడు మెట్లు కనబడుచున్నవి. మొదటి మెట్టు, కారుతో వచ్చిన గాజునే యుంచుకొనుట. దాని మూలనున్న ప్రమాణ ముద్రను ఎవరును ప్రశ్నింపరు. రెండవ మెట్టు, ప్రక్క అద్దములకు మాత్రము ప్రమాణపత్రము గల, వెలుగునిచ్చు ఫిల్మును వేయించి, కొలత కాగితమును కారులో నుంచుకొనుట. మూడవది, నల్ల ఫిల్ము. అది మెట్టు కాదు, గోతి.

గుణకారపు లెక్క

రెండవ మెట్టును ఎక్కదలచినవారు ఒక చిన్న లెక్కను తప్పక నేర్వవలెను. ఫిల్ము డబ్బాపై 70 శాతమని యున్నదిగదా, చట్టమునకు సరిపోవునని చాలమంది తలంతురు. కాని కారు గాజు స్వయముగా నూటికి నూరు పాళ్లు వెలుగును పోనీయదు. నేటి కార్ల గాజులు పెక్కు లేత ఆకుపచ్చ రంగుతో వచ్చుచున్నవి. అవి 70 మొదలు 80 శాతము వరకు వెలుగునిచ్చును. ఆ గాజును దాటిన వెలుగులో 70 శాతమే ఫిల్మును దాటును. ఇది కూడిక కాదు, తీసివేత కాదు, గుణకారము.

గాజు 78 శాతమైనచో, 70 శాతపు ఫిల్ముతో 54.6 శాతమగును. ప్రక్క అద్దమునకు ఇది చెల్లును. గాజు 70 శాతమైనచో అదే ఫిల్ముతో 49 శాతమగును. ఒక్క పాలు తక్కువ, చట్టవిరుద్ధము. ఒకే దుకాణములో ఒకే ఫిల్ము వేయించుకొన్న ఇద్దరు మిత్రులలో ఒకనికి చలానా వచ్చి రెండవవానికి రాకపోవుటకు కారణమిదియే కావచ్చును.

ముందు అద్దముయొక్క లెక్క మరింత కఠినము. గాజు 75 శాతమైనచో, 90 శాతపు వెలుగునిచ్చు ఫిల్ము వేసినను 67.5 మాత్రమే మిగులును. 78 శాతపు గాజునకు అదే ఫిల్ము వేసినచో 70.2, ధూళి పట్టినచో అదియును తప్పును. కావున ముందు అద్దమునకు ఏ ఫిల్మును వేయకుండుటయే నా సలహా. దానివలన నష్టమును స్వల్పమే. ముందు అద్దము రెండు గాజుపలకల నడుమ ప్లాస్టిక్ పొరనుంచి అతికినది. ఆ పొరయే అతినీలలోహిత కిరణములను దాదాపు పూర్తిగా ఆపుచున్నది. ప్రక్క అద్దములు అట్టివి కావు. అవి వేడిచేసి చప్పున చల్లార్చి గట్టిపరచిన ఒంటి గాజులు. వానిగుండా అతినీలలోహితములో కొంత భాగము లోనికి వచ్చును. ఫిల్మువలన నిజమైన లాభము కలుగునది అచ్చటనే.

రాత్రి దారి

శాతముల గీత ఎందులకని కొందరడుగుదురు. పగలు ఇరువది శాతపు వెలుగైనను చాలుననిపించును. చంద్రపూర్ సూర్యుడు అంత ఉదారుడు. కాని కారు పగలు మాత్రమే నడువదు. 75 శాతపు గాజుపై 20 శాతపు నల్ల ఫిల్ము వేసినచో మిగులు వెలుగు 15 శాతము. చంద్రపూర్‌నుండి మూల్ పోవు దారియందును, తాడోబా అడవికి మొహర్లి పోవు దారియందును రాత్రి వీధిదీపములు లేని మైళ్లు కలవు. అడవిపంది, దుప్పి రోడ్డు దాటునది ప్రక్కనుండియే. బొగ్గు లారీలు వెనుక దీపము లేక నిలిచియుండుట గనుల దారులలో నిత్యము కనబడు దృశ్యము. ప్రక్కనున్న వెనుకచూపు అద్దమును మనము ప్రక్క కిటికీగుండానే చూడవలెను. మన హెడ్‌లైట్లు ముందుకే వెలుగునిచ్చును. మలుపు తిరుగునప్పుడు ప్రక్కనున్న పాదచారికి ఆ వెలుగు చేరదు. అతనిని మనకు చూపునది ఉన్నకొద్ది వెలుగే. అందులో నూటికి 85 పాళ్లు గాజునకును, ఫిల్మునకును సమర్పించినచో కంటికి మిగులునదేమి?

వయస్సుకూడ దీనికి తోడగును. ఇరువదేండ్ల యువకుని కంటిపొరను చేరు వెలుగులో సుమారు మూడవ వంతు మాత్రమే అరువదేండ్లవాని కంటిపొరను చేరునని నేత్రశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఉద్యోగవిరమణ చేసిన పెద్దలు తామే కారు నడుపుచు స్వగ్రామములకు పోవుట నేడు సర్వసామాన్యము. కుమారుడు ముచ్చటపడి వేయించిన నల్ల ఫిల్ము తండ్రికి అంధకారమగుట ఈ విధముగనే.

ఫిల్ములలోని రకములు

విపణిలో దొరకు ఫిల్ములను స్థూలముగా మూడు తెగలుగా విభజింపవచ్చును.

మొదటిది రంగు ఫిల్ము. ప్లాస్టిక్ పొరకు రంగు పట్టించి చేసినది, అన్నిటికంటె చవుక. ఇది వేడిని వెనుకకు మరలింపదు. తానే పీల్చుకొని కాగి, అందు కొంత లోపలికే వదలును. రెండు మూడు వేసవులు గడచునప్పటికి రంగు విరిగి ఊదారంగుగా మారును, బొబ్బలు లేచును. ఊరిలో పాత కార్ల వెనుక అద్దములపై మనము చూచు ఊదారంగు దీనిదే.

రెండవది లోహపు పూత గలది. సన్నని లోహకణముల పొర వేడిని వెనుకకు మరలించును గనుక రంగు ఫిల్ముకంటె మేలు. కాని లోహము రేడియో తరంగములనుకూడ అడ్డగించును. సెల్‌ఫోను సంకేతము, దారి చూపు జి.పి.ఎస్. మందగింపవచ్చును. ముందు అద్దము లోపలివైపున అంటించు ఫాస్టాగ్ చీటీ రేడియో తరంగములతోనే టోలు గేటుకు జవాబు చెప్పును. దాని ముందు లోహపు పొర వచ్చినచో గేటు తెరువబడక వెనుక వాహనములు బారులు తీరును.

మూడవది సెరామిక్ ఫిల్ము. ఇందులో మిక్కిలి సూక్ష్మమైన సెరామిక్ కణములుండును. అవి వెలుగును చాలవరకు పోనిచ్చి, పరారుణమును ఆపును, తరంగములకు అడ్డుపడవు. ధర అన్నిటికంటె హెచ్చు. మంచి సెరామిక్ ఫిల్ము, 70 శాతపు వెలుగునిచ్చునదైనను, చవుక నల్ల ఫిల్ముకంటె ఎక్కువ వేడిని ఆపగలదు. చట్టమునకు లోబడి నిజముగా వేడి తగ్గవలెనన్నచో ఈ తెగనే చూడవలెను. అంత ధర పెట్టలేనివారు నల్ల ఫిల్మునకు దిగుటకంటె ఏమియు వేయించకుండుట ఉత్తమము.

ఫిల్ము కొరకు విదేశీ పేర్లనే వెదకనక్కరలేదు. మహారాష్ట్రలోనే ఔరంగాబాదులో, అనగా నేటి ఛత్రపతి శంభాజీనగరులో, గార్వేర్ సంస్థ ఎండను నిరోధించు ఫిల్ములను తయారు చేయుచున్నది. పేరు ఏదైనను, రోలుపై ముద్రించిన పేరును, క్రమసంఖ్యను కంటితో చూచి, గ్యారంటీ కార్డుపై అదే సంఖ్య వ్రాయించుకొనవలెను. మంచి కంపెనీ పెట్టెలో చవుక రోలు ఉండుట అసంభవము కాదు.

పనివానిని పరీక్షించు విధము

ఫిల్ము ఎంత మంచిదైనను అంటించువాని చేతిలో దాని ఆయుస్సు ఉన్నది. చంద్రపూర్‌లో దీనికి ఒక ప్రత్యేక కారణము కలదు: ధూళి. బొగ్గు పొడి, విద్యుత్కేంద్రపు బూడిద గాలిలో కలసియుండు ఊరిలో, రోడ్డు ప్రక్కన చెట్టు క్రింద అంటించిన ఫిల్ము లోపల ప్రతి ధూళికణము ఒక చుక్కగా శాశ్వతముగా నిలిచిపోవును. కావున మొదట చూడవలసినది, తలుపులు మూసికొను గది యున్నదా, నేలను తడిపి ధూళిని అణచుచున్నారా, నీటిని వడగట్టి వాడుచున్నారా అనునవి.

రెండవది, వెలుగు శాతమును కొలుచు మీటరు. గాజునకు ఒకవైపున దీపము, రెండవవైపున గ్రాహకము ఉంచి అది శాతమును చూపును. ఫిల్ము వేయకముందు మీ గాజును కొలువుమని అడుగుడు. ఆ అంకెతో ఫిల్ము శాతమును గుణించి, ఫలితమెంతయగునో అచ్చటనే లెక్క వేయుడు. పని ముగిసిన తరువాత మరల కొలిపించి, నాలుగు ప్రక్క అద్దముల అంకెలును రసీదుపై వ్రాయించుకొనుడు. మీటరు లేనివాడు, లేక కొలిచి వ్రాసియిచ్చుటకు వెనుదీయువాడు మనకు పనికిరాడు. ‘ఇచ్చట ఎవరును పట్టుకొనరు, నేను చూచుకొందును’ అనువాని మాట ఎట్టిదో, చలానా వచ్చిన దినమున అతని ఫోను మ్రోగినప్పుడు తెలియును.

మూడవది, దీపపు ప్రదర్శన. పెక్కు దుకాణములలో వేడి దీపము వెలిగించి, ఫిల్ము గల గాజు వెనుక చేయి పెట్టి చూడుమందురు. చేతికి వేడి తగలదు, మనము అచ్చెరువొందుదుము. కాని ఆ దీపపు శక్తిలో చాలభాగము పరారుణమే. సూర్యకాంతిలో సగమునకు దగ్గరగా ఇతర కిరణములు కలవు. పైగా ఒక నిమిషము పరీక్షలో పీల్చుకొను ఫిల్మునకు, మరలించు ఫిల్మునకు భేదము కనబడదు. ఐదు నిమిషములు ఆగి, ఆ గాజు లోపలివైపు తాకి చూచినచో ఏది కాగి వేడిని లోపలికి వదలుచున్నదో కొంత తెలియును. అంతకంటె మేలైన పరీక్ష, ఏడాది క్రిందట అతడు అంటించిన కారును మధ్యాహ్నము ఎండలో నిలిపి చూచుట. అంచులు లేచినవా, బొబ్బలున్నవా, రంగు మారినదా అనునవి అందు దాగవు.

నాగపూర్ పోయి వేయించుట మేలా యని కొందరడుగుదురు. అది 150 కిలోమీటర్ల దూరము. పెద్ద ఊరను కారణముతో పని మంచిదగునని చెప్పలేము. గ్యారంటీ పనికై మరల పోవలసివచ్చును గనుక, పైన చెప్పిన మూడు పరీక్షలలో నిలిచినవాడు ఊరిలోనే యున్నచో అతడే శ్రేష్ఠుడు.

అమరిక జరుగు తీరు

పని జరుగునప్పుడు యజమాని దగ్గర నుండుట మంచిది. ఫిల్మును అంటించునది గాజునకు లోపలివైపున. మొదట తలుపు లోపలి స్విచ్చులపై తువాలు కప్పవలెను. లేనిచో నీరు దిగి కిటికీ మోటారు చెడును. పిదప గాజును సబ్బునీటితో తడిపి, బ్లేడుతో గీకి, రబ్బరు అంచులలోని ధూళినికూడ తీయవలెను. ఫిల్మును గాజుపైనే పెట్టి బ్లేడుతో కోయువారు కొందరు. ముందుగా కొలత ప్రకారము కోసి తెచ్చువారు కొందరు. రెండవ పద్ధతిలో గాజుపై గీతలు పడవు. వెనుక అద్దమునకు బ్లేడు తగులనీయరాదు. దానిపై కనబడు సన్నని అడ్డగీతలు మంచును కరిగించు విద్యుత్ తీగలు. ఒకటి తెగినను ఆ వరుస పనిచేయదు. పాత ఫిల్మును తీయించువారు ఆవిరితో మెత్తపరచి తీయించుకొనవలెనే కాని గీకించరాదు.

తరువాత గాజుపై సబ్బునీరు చల్లి, ఫిల్ము వెనుకనున్న కాగితపు పొరను తీసి, దానిని గాజుపై జార్చి సర్ది, రబ్బరు పలకతో నడుమనుండి అంచులకు నీటిని త్రోయుదురు. వంపు గల గాజునకు వేడిగాలి యంత్రముతో ఫిల్మును ముడుచుకొనజేసి అమర్చుదురు. ఇందు తొందర పనికిరాదు. ఒక్క గంటలో కారంతయు ముగించెదమనువారు ఏదో ఒక మెట్టును విడిచినవారే.

పని ముగిసిన పిదప మూడు నాలుగు దినములు కిటికీలను దింపరాదు. లోపల చిక్కిన కొద్ది నీరు చిన్న మబ్బువలె, పొక్కులవలె కనబడవచ్చును. అది దోషము కాదు. వేసవిలో కొలది దినములలో, వానకాలములో కొన్ని వారములలో అది ఆరిపోవును. అటుపైనను మిగిలిన బొబ్బలకు గ్యారంటీ క్రింద మరల వేయించుకొనవలెను. తుడుచుటకు అమోనియా గల ద్రవములను వాడరాదు. మెత్తని గుడ్డ, మంచినీరు చాలును.

ఫిల్ము చేయలేనిది

ఫిల్మునుండి ఏమి ఆశింపరాదో చెప్పకున్నచో ఈ విషయము అసంపూర్ణమగును. నడుచు కారులో ఫిల్ము వేడిని తగ్గించి, ఏ.సీ.పై భారమును తేలికపరచును. కాని ఎండలో నిలిపిన కారును అది చల్లగా నుంచజాలదు. మూసియున్న కారులో గంటసేపటికి వెలుపలికంటె సుమారు 22 డిగ్రీలు అధికమగునని, అందు ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే పెరుగునని అమెరికాలో 2005లో ప్రకటింపబడిన పరిశోధన ఒకటి చూపినది. ఫిల్ము ఈ పెరుగుదలను కొంత ఆలస్యము చేయవచ్చును, ఆపదు. చంద్రపూర్ మే నెల ఎండలో ఆ అంకెను కలుపుకొని చూడుడు. కావున ‘సెరామిక్ ఫిల్ము వేయించితిమి గదా’ అను ధైర్యముతో బిడ్డను కారులో నిద్రపుచ్చి దుకాణములోనికి పోవుట, ఐదు నిమిషములకైనను, ఎన్నడును చేయరాని పని. నల్ల ఫిల్ము గల కారులో నైనచో లోపలి బిడ్డ దారిన పోవువారికి కనబడనైన కనబడదు. సాయము చేయువాడును లేకపోవును.

నిలిపిన కారునకు వేరు ఉపాయములున్నవి. వానికి ఖర్చు స్వల్పము. ముందు అద్దము వెనుక వెండిరంగు అట్ట నిలుపుట అన్నిటిలోను మేలు. ఏలయనగా కారులోనికి వచ్చు ఎండలో పెద్దపాలు ఆ వెడల్పైన గాజుగుండానే వచ్చును. బయలుదేరుటకు ముందు తలుపులన్నియు తెరచి ఒక నిమిషము వేడిగాలిని పోనీయవలెను. తరువాత ఏ.సీ. వేసి, మొదటి ఒకటి రెండు నిమిషములు కిటికీలను కొంచెము దింపి నడిపి, గాలి చల్లబడిన పిదప లోపలి గాలియే తిరుగు మీటను నొక్కవలెను. జాలి తెరలను నిలిపియున్నప్పుడు వాడవచ్చును. నడుచునప్పుడు వానిని తీసివేయవలెను. 2012 నాటి తీర్పు ఫిల్ములను గూర్చియే కాక ఇతర పదార్థములను గూర్చియు చెప్పినది.

మన సంఘ సభ్యులకు చివరి మనవి యిది. ఈ పనికి డబ్బు వెచ్చింపదలచినవారు మొదట ముందు అద్దపు అట్టను కొనుడు. తరువాత మీ ప్రక్క అద్దములను కొలిపించుడు. ఆ అంకె 75 పైననున్నచో, 70 శాతపు సెరామిక్ ఫిల్మును ప్రక్క అద్దములకు వేయించి, ఐ.ఎస్. 2553 ప్రమాణపత్రమును, కొలత వ్రాసిన రసీదును, క్రమసంఖ్య గల గ్యారంటీ కార్డును బండి కాగితములతో కలిపి యుంచుడు. 72కు దిగువనున్నచో ఫిల్మును మానివేయుడు. మీ గాజే మీకు చాలినంత ఛాయ నిచ్చుచున్నది. ఈ రెంటి నడుమనున్నవారు మరింత వెలుగునిచ్చు ఫిల్మును వెదకుడు. ఇదివరకే నల్ల ఫిల్ము వేయించినవారు జవాను ఆపువరకు వేచియుండక, ఈ వానలకు ముందే ఆవిరితో తీయించుడు. వానకాలపు రాత్రులలో గనుల దారి మీకును, దారి ప్రక్కన నడచువానికిని క్షేమకరముగా నుండును.